తొలి ప్రతి అందుకునే మనిషి

వచ్చేవాడైతే ఈపాటికి వచ్చేసి ఉండేవాడు. చీడికాడ నుంచి చోడవరం ఎంత దూరం గనక, ఆటోవాడు ఎక్కడపడితే అక్కడ ఆపి మనుషుల్ని కుక్కుకున్నా గంటకి మించదు, కార్డులో సాయంత్రం అయిదింటికని వేయించింది, ఇప్పుడు గోడ గడియారంలో అయిదూ ఇరవై, ఇంకా రాలేదంటే ఇక రాడన్నమాటే, రాడులే, ఎందుకొస్తాడు, అది చదివాక ఎవరైనా వస్తారా, అనుకుంటూ రాజ్యం కుర్చీలో ఇటు కదిలి అటు కదిలి మళ్లీ వీధి వైపే చూసింది. వీధిలో చెరకు ట్రాక్టరు పోతోంది. అది పోయినంతసేపూ హరిబాబు కొట్లో బీరువాల అద్దాలు గడగడలాడాయి. టెన్త్ గైడ్లూ, నోటు పుస్తకాలూ, గ్లోబులూ, పెళ్లి కార్డుల శాంపిళ్లూ, ఓ మూల నాలుగు అరల్లో మాత్రం కథల పుస్తకాలు. అవి కొనేవాళ్లు తక్కువ, నిలబడి చదివేసి పోయేవాళ్లు ఎక్కువ, అలా నిలబడి చదివేసిన వాళ్లలో ముప్పై ఏళ్లుగా తనూ ఒకతె. ఇవాళ అదే కొట్లో కౌంటరు గోడకి జరిపి, టెంట్‌హౌస్ కుర్చీలు పాతిక వేసి, తన ఫోటోతో ఫ్లెక్సీ కట్టారు. అరవై రెండేళ్ల నర్సమ్మట, రిటైరై ఏడాది తిరక్కుండానే జీవిత కథ రాసేసిందట, శభాష్ అంటున్నారు వచ్చినవాళ్లు, ఆ మాట చెవిన పడినప్పుడల్లా చీర కుచ్చిళ్లు సర్దుకుంటోంది. స్టేజీ అన్న పేరుకి వేసిన బల్ల వెనక నాలుగు కుర్చీలు. ఒకటి తనది, ఒకటి కొట్టు యజమాని హరిబాబుది, ఒకటి రిటైర్డు హెడ్మాస్టరు గణపతిరావు గారిది. నాలుగోది ఖాళీ.

ఆ ఖాళీ కుర్చీ అన్నయ్యది. "తొలి ప్రతి స్వీకర్త: శ్రీ పరదేశి, చీడికాడ" అని కార్డు రాసిచ్చినప్పుడు హరిబాబు నసిగాడు. "ఎవరైనా డాక్టరుగారినో, ఆఫీసరుగారినో ఎడితే నిండుగా ఉంటాది కదా మేడమ్" అన్నాడు. మా అన్నయ్యే అంది తను, ఆ గొంతు విని హరిబాబు అలాగే అచ్చు వేయించాడు. అందుకునే మనిషికి లోపల ఏముందో ముందు తెలియాలి కదా, అందుకే నాలుగు రోజుల క్రితం ఆటో అతనికి ఒక ప్రతి ఇచ్చి చీడికాడ పంపింది. సభలో విప్పడానికని హరిబాబు మెరుపు కాగితం చుట్టి ఎర్ర రిబ్బను కట్టి పెట్టిన వాటిలోంచే ఒకటి తీసింది. ఒక చీటీ రాసి పెట్టాల్సింది, అన్నయ్యా ముందు నూట పన్నెండో పేజీ చదువు, అని. కాగితం విప్పి మళ్లీ చుట్టే ఓపిక లేక పెట్టలేదు. ఓపికా, పాడా! ధైర్యం లేక పెట్టలేదు. చీటీ దాకా ఎందుకు, వడ్డాదిలో తన ఇంటి ముందు ఆటో ఎక్కి, అన్నయ్య అరుగు మీద దిగి, ఎదురుగా కూర్చుని చెప్పి ఉండొచ్చు. ఊరూరా తిరిగి, మీ నాన్నకి ఇక మందులు పనిచెయ్యవమ్మా అని, బిడ్డ కడుపులోనే పోయింది తల్లీ అని ఎంతమందికి చెప్పింది, భుజం మీద చెయ్యి వేసి, కళ్లలోకి చూసి మరీ చెప్పిందే! సొంత అన్నకి చెప్పాల్సి వచ్చేసరికి మూడొందల పేజీల పుస్తకం అడ్డం పెట్టుకుంది. పుస్తకం అందిందని ఆటో అతను చెప్పాడు. అన్నయ్య నుంచి మాత్రం ఉలుకూ లేదు, పలుకూ లేదు. చదివాడు, చదివి మూసేశాడు, అంతే. తిట్టినా బాగుండును. ఫోను మోగినప్పుడల్లా పరిగెత్తేది, చూస్తే ఎవరో బీపీ మాత్ర గురించి అడగడానికి.

గణపతిరావు గారు మైకు ముందు నిలబడి, ఉత్తరాంధ్ర నేల గురించి మొదలుపెట్టారు, నేల నుంచి చెరకుకి వచ్చారు, చెరకు నుంచి బెల్లానికి. బెల్లం అన్న మాట చెవిన పడగానే ఆ వాసన వచ్చేసింది, మరుగుతున్న రసం వాసన, కింద పొయ్యిలో ఎండాకు చిటపటలు, పెనం మీద నురగ తీస్తూ నాన్న. డెబ్భై మూడో సంవత్సరం. తనకి పదేళ్లు, అన్నయ్యకి పద్నాలుగు. మిషన్లు ఇంకా వాళ్ల ఊరికి రాలేదు, ఎడ్ల గానుగే, నిలబెట్టిన ఇనుప రోలర్లు, వాటి నెత్తిన పొడవాటి దూలం, దూలం చివర ఎడ్లజత, ఎడ్ల వెనక చిన్న కర్రతో గుండ్రంగా తిరుగుతూ తను. కింద గోతిలో కూర్చుని రోలర్ల మధ్యకి గడలు పెట్టేవాడు అన్నయ్య, దూలం మీదకి వచ్చినప్పుడల్లా తల వంచేవాడు, వంచినప్పుడల్లా తనని చూసి నాలుక బయటపెట్టి వెక్కిరించేవాడు. గానుగ దగ్గర కట్టుబాటు ఒక్కటే. ఎడ్లు ఆగాయంటే కింద కూర్చున్నవాడు చెయ్యెత్తి చూపేదాకా మళ్లీ తోలకూడదు, ఎందుకంటే ఆగినప్పుడే అతను రోలర్ల మధ్య ఇరుక్కున్న పిప్పిని వేళ్లతో లాగుతాడు. ఊళ్లో మాటలు రాని పిల్లలక్కూడా తెలుసు ఆ సంగతి. తనకీ తెలుసు. మధ్యాహ్నం అంబలి తాగిన మత్తు, ఎండ, గానుగ కిర్రు, తిరిగిన చోటే తిరగడం. దూలానికి చెంప ఆనించి నడుస్తూనే నిద్రపోయింది. ఎడ్లు ఎప్పుడు ఆగాయో తెలియదు. ఉలిక్కిపడి కళ్లు తెరిస్తే ఒకటే భయం, నాన్న చూశాడేమో, ఆడగుంట నిద్దరోతందని తిడతాడేమో. కింద చూడలేదు. చెయ్యెత్తాడా లేదా చూడలేదు. కర్రతో ఎద్దు వీపున ఒక్కటి ఇచ్చింది. ఎడ్లు రెండడుగులు వేశాయి, రెండే రెండు. తర్వాత అన్నయ్య అరుపు.

ఆ అరుపు గురించి పుస్తకంలో రాయలేదు, రాయడం చేతకాలేదు. నాన్న పరిగెత్తుకుని రావడం రాసింది. పాకం వచ్చే వేళ ఇల్లు అంటుకున్నా పెనం వదలని మనిషి, పెనం మాడిపోతుంటే వదిలేసి వచ్చాడు, ఎడ్లని వెనక్కి నడిపించాడు, తలపాగా విప్పి అన్నయ్య చేతికి చుట్టాడు, చుడుతూ చుడుతూనే ఇటు తిరిగి తన చేతిలో కర్ర లాగేసుకున్నాడు. జనం పోగయ్యేసరికి కర్ర నాన్న చేతిలో ఉంది. "గుంట నిద్దరోతంది. ఎడ్లు ఆగిపోయేయని నేనే వచ్చి తోలేను. రసం తక్కువైపోతందని తొందరపడిపోయేను" అన్నాడు అందరితో. అన్నయ్య వీపు ఇటు తిరిగి ఉంది కదా, చూడలేదు, నమ్మాడు. పెద్దాసుపత్రిలో మణికట్టు దాకా తీసేశారు. వారం పోయాక పశువుల పాక వెనక నాన్న తనని కూర్చోబెట్టి ఒట్టేయించుకున్నాడు. "సూడమ్మా, సెయ్యి పోయినోడికి జీవితాంతం ఎవరో ఒకరి మీద కోపం ఉంటాది. ఆ కోపం నా మీద ఉంటే నేను మొయ్యగలను. పదేళ్ల గుంటవి, నువ్వు మొయ్యలేవు. ఎవరికీ సెప్పకు, మీ అమ్మకీ సెప్పకు." తను తలూపింది. ఎంత హాయిగా అనిపించిందో! తప్పిపోయింది, దెబ్బలు తప్పిపోయాయి అనుకుంది. ఆ హాయిని తల్చుకుంటే ఇప్పటికీ తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తుంది.

నాన్న మోశాడు. అమ్మ అచ్చియ్యమ్మ, ఒక్క కొడుకు చెయ్యి నమిలేసేవు కదయ్యా అని బతికినన్నాళ్లూ శాపనార్థాలు పెట్టింది, చివరికి పోయేముందు మంచినీళ్లు కూడా నాన్న చేత పోయించుకోలేదు. అన్నయ్య బడి మానేశాడు, ఎడమ చేత్తో అన్నీ నేర్చుకున్నాడు, సైకిలూ, గొడ్డలీ, సంతకమూ. పెళ్లయ్యాక వేరుపడి చీడికాడ వెళ్లిపోయాడు. తనంటే మాత్రం ప్రాణం. పండక్కి గాజులకని చేతిలో నోటు పెట్టి "మంచియి కొనుక్కోయే" అనేవాడు, మొండి చేత్తో నెత్తిన మెల్లగా కొట్టేవాడు, ఆ దెబ్బకి తను నవ్వేది, నవ్వు కింద ఏదో కుళ్లిపోతూ ఉండేది. అమ్మ పోయాక నాన్న పదకొండేళ్లు వడ్డాదిలో తన ఇంట్లోనే ఉన్నాడు. ఆ పదకొండేళ్లూ అన్నయ్య తన గడప తొక్కలేదు. చివరికి తొక్కింది నాన్న పోయినరోజు. పాడె కట్టారు, గుమ్మం ముందు అగ్గికుండ పట్టుకో బాబూ అని పెద్దలు అందించారు, అన్నయ్య కుడి చొక్కాచెయ్యి పైకి లాగి మొండి మణికట్టు అందరికీ చూపించాడు. "కుండ పట్టుకునే సెయ్యి ఆయనే తీసేసేడు కదా. ఏటెట్టి పట్టుకోమంటారు?" అన్నాడు. అని వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. చిన్నాన్న కొడుకు పట్టుకున్నాడు కుండ. తను ఆ గుమ్మంలోనే ఉంది, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని. మాట గొంతు దాకా వచ్చింది, ఆగన్నయ్యా, తోలింది నేను, అంతే, అయిదు క్షణాల మాట. చుట్టూ చుట్టాలు, వీధి జనం, నర్సమ్మగారూ అని చేతులెత్తి మొక్కేవాళ్లు. మింగేసింది. నాన్నకిచ్చిన మాట అనుకుంది, నాన్న పోయాడు కదే, ఇంకా ఎవరికిచ్చిన మాట? ఆ రోజు గురించి పుస్తకంలో ఒకటే వాక్యం రాసింది. నాన్న పోయాడు, అని.

"...ఆత్మకథకి కావలసింది పాండిత్యం కాదు, ధైర్యం" అంటున్నారు గణపతిరావు గారు, "ఆ ధైర్యం మన రాజ్యం గారిలో నిండుగా ఉంది." చప్పట్లు. ధైర్యమట! నేలలోకి కుంగిపోవాలనిపించి తల దించుకుంది, దించుకున్న తల ఎందుకెత్తిందో తెలియదు, ఎత్తేసరికి గుమ్మంలో అన్నయ్య.

వచ్చాడు! మడతలు ఇంకా విడని కొత్త తెల్ల చొక్కా, తలకి నూనె, కుడి చొక్కాచెయ్యి చివర బొత్తాం పెట్టి ఉంది. చెప్పులు బయట విడిచి, లోపలికి తొంగిచూసి, తనని చూసి నవ్వాడు. ఎడమ చెయ్యెత్తి, వచ్చేసేనులే అన్నట్టు ఊపాడు. రాజ్యానికి కళ్లు మసకబారిపోయాయి. చదివి నవ్వుతున్నాడు, చదివి కొత్త చొక్కా తొడుక్కుని వచ్చాడు. వెర్రిదానా, పదేళ్ల గుంటవి, నిద్దరొచ్చింది, దానికింత రాద్ధాంతమేటే అంటున్నాడు ఆ నవ్వులో. యాభై రెండేళ్ల బరువు ఇలా దిగిపోతుందా, ఇంత తేలిగ్గా! ఇక సభ ఎప్పుడైపోతుందా అనిపించింది. అవగానే వడ్డాది తీసుకుపోవాలి, నాన్న పడుకున్న గది చూపించాలి, చేపల పులుసు చెయ్యాలి, ఇష్టం కదా, వదినకి ఫోను చేసి ఇవాళ పంపనని చెప్పాలి, ఇద్దరూ కూర్చుని నాన్న కోసం కరువుతీరా ఏడవాలి. ఒంటరిగా ఏడ్చి ఏడ్చి విసుగొచ్చింది. ఆటో మధ్యలో చెడిపోయిందట, చివరి వరసలో కూర్చుంటూ పక్కాయనకి చెబుతున్నాడు, కొట్టు చిన్నది, మాటలు వినబడుతూనే ఉన్నాయి.

"రాసింది మా సెల్లే. మొదటి పుస్తకం నేనే అందుకోవాలంట. మొన్నే పంపించింది, ఇంట్లో అందరూ ఇప్పు ఇప్పు అన్నారు. ఇప్పేస్తే ఏటుంటాది సెప్పండి, అందరి ముందూ ఇప్పాల కదా. అలాగే తెచ్చేను" అంటున్నాడు.

కుడి చంకలో ఎర్ర రిబ్బను. ముడి కూడా కదల్లేదు.

ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. చదవలేదు. పేజీ తిప్పలేదు, కాగితమే విప్పలేదు, నాలుగు రోజులూ దేవుడి గూట్లో పెట్టి ఉంటాడు, మనవల్ని ముట్టుకోనిచ్చి ఉండడు. అయ్యో అన్నియ్యా! అవతల గణపతిరావు గారు కళ్లజోడు సర్దుకుంటున్నారు, పుస్తకంలో గుర్తుగా పెట్టుకున్న కాగితం తీస్తున్నారు, ఈ పుస్తకానికి గుండెకాయ లాంటి ఒక పేజీ చదువుతాను అంటున్నారు. రాజ్యం ఆయన కండువా అంచు పట్టుకుని లాగింది. "వద్దు సార్, ఆ పేజీ వద్దు, మీకు దండం పెడతాను" అంది. ఆయన మైకులోకే నవ్వారు. "చూశారా, రచయిత్రికి ఎంత మొహమాటమో" అన్నారు. జనం నవ్వారు, అన్నయ్య కూడా నవ్వాడు, అందరికంటే గట్టిగా. ఆయన చదవడం మొదలుపెట్టారు, బళ్లో పాఠం చెప్పినట్టు, మాట మాట విడదీసి. లేచి మైకు లాగేసుకోవచ్చు. లేచి అన్నయ్య దగ్గరికి పరిగెత్తొచ్చు. కాళ్లు కదల్లేదు, ఆ గుమ్మంలో నోరు కదలనట్టే. గానుగ వచ్చింది, ఎడ్లు వచ్చాయి, అన్నయ్య నవ్వు మొహంతోనే వింటున్నాడు, తమ ఇంటి సంగతి కదా, పక్కాయనకి మోచేత్తో పొడిచి మొండి చెయ్యి చూపించాడు, అది నేనే అన్నట్టు. "ఎడ్లను తోలింది మా నాన్న కాదు" చదివారు గణపతిరావు గారు. కాస్త ఆగి, "నేను" అని చదివారు.

ఎత్తిన మొండి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. తర్వాతి వాక్యాలు కూడా చదివారాయన, కర్ర లాక్కోవడం, పశువుల పాక, ఒట్టు, మొత్తం. ముందు వరసలో ఎవరో కళ్లు తుడుచుకున్నారు. అయిపోగానే ఒకరు చప్పట్లు కొట్టారు, ఆపైన అందరూ, ఆగకుండా కొట్టారు. హరిబాబు మైకు అందుకుని, "ఆ అన్నయ్యగారే ఇప్పుడు తొలి ప్రతి అందుకోడానికి వస్తన్నారు" అన్నాడు, చప్పట్లు ఇంకా హెచ్చాయి. పరదేశి లేచాడు. పిలిచారు కాబట్టి లేచినట్టు, నడవాలి కాబట్టి నడిచినట్టు, కుర్చీల మధ్య నుంచి వచ్చాడు. చంకలో పొట్లం కుర్చీలోనే వదిలేశాడు. హరిబాబు ఇంకో ప్రతి రాజ్యం చేతిలో పెట్టాడు, ఫోను ఎత్తి పట్టుకుని, "రెండు చేతుల్తో పట్టుకోండి బాబూ" అన్నాడు, అని నాలిక్కరుచుకున్నాడు. అన్నయ్య ఎడమ చేత్తో పుస్తకం అందుకున్నాడు. అరవై ఆరేళ్ల మొహం, ఇంత దగ్గరగా చూసి ఎన్నాళ్లయిందో, గడ్డం అచ్చం నాన్నదే.

"నిజవేనేటే?" అన్నాడు. పక్కనున్న గణపతిరావు గారికి కూడా వినబడనంత మెల్లగా.

"నిజవే అన్నియ్యా."

"అగ్గికుండ ఇచ్చిన్నాడు నువ్వు గుమ్మంలోనే ఉన్నావు."

"ఉన్నాను."

"తోలినందుకు నాకేటీ లేదే. సిన్నగుంటవి. ఆ రోజు నువ్వు సిన్నగుంటవి కావు కదా." అన్నాడు. చప్పట్లు కొట్టేవాళ్ల వైపు ఒకసారి చూసి, మళ్లీ ఇటు తిరిగాడు. "పదకొండేళ్లు నీ ఇంట్లో ఉన్నాడు. నన్నెప్పుడైనా తలిసేడా?"

తలిచాడని చెప్పాలి. రోజూ తలిచాడు, పరదేశి తిన్నాడో లేదో అనేవాడు, ప్రాణం పోయేముందు నీ పేరే పలికాడు, ఎంతసేపు పడుతుంది చెప్పడానికి, రోగుల దగ్గర ఇంతకంటే పెద్ద అబద్ధాలే ఆడింది. తలిచాడంటే తలిచినా వెళ్లలేదే నేను అని చస్తాడు. తలవలేదంటే తలవలేదని చస్తాడు. ఏది చెబితే తక్కువ నొప్పి? అన్నయ్య కళ్లు తన నోటి మీదే ఉన్నాయి. ఆ పదకొండేళ్లూ కళ్లముందు తిరిగాయి, వసారాలో నాన్న, చీడికాడ బస్సు హారన్ వినబడితే తలెత్తడం, తను కాఫీ గ్లాసుతో వస్తే చప్పున తల దించేసి, ఎండెక్కువైపోయిందమ్మా అనడం.

"లేదన్నియ్యా. ఒక్కసారి కూడా నీ పేరెత్తలేదు."

"ఎందుకే?"

"ఎదురుగా నేనుండేదాన్ని కదా. నీ పేరు ఇంటే నేను బాధపడతానని."

హరిబాబు ఇటు చూడండి, ఇటు చూడండి అంటూనే ఉన్నాడు. అన్నయ్య పుస్తకాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు.

"అయితే నాకూ కనబడకే రాజ్యం" అన్నాడు. కోపం లేదు, బతిమాలుకుంటున్నట్టుంది గొంతు. "నువ్వు ఎదురుగా ఉంటే నేనూ ఆయన్ని తలుసుకోలేను."

రాజ్యం సరేనంది. అతను సభకి నమస్కారం పెట్టబోయి, ఒంటి చేత్తో ఎలా పెట్టాలో ఆ క్షణాన మర్చిపోయినట్టు ఆగి, చెయ్యి దించేసి నడుచుకుంటూ బయటికి వెళ్లిపోయాడు. ఇప్పుడు రచయిత్రి రాజ్యం గారు తమ మనసులో మాట చెబుతారని మైకులో పిలుస్తున్నారు. ఆమె మైకు వైపు వెళ్లలేదు. చెప్పులు వేసుకుంటూ అన్నయ్య ఒకవేళ వెనక్కి తిరిగి చూస్తాడేమో, చూస్తే తను కనబడుతుందేమోనని, బీరువా పక్కకి తప్పుకుని గోడవైపు తిరిగి నిలబడింది.